దర్జీ గారి వెనక సీటు

నేను ఒక స్పోర్ట్స్ బైకును. రంగు ఎరుపు. ముఖం కిందికి వంచి, తోక పైకెత్తి, ఎవరి మీదకో దూకబోయే పిల్లిలా నన్ను తయారు చేశారు. ఫ్యాక్టరీలో చివరి పరీక్ష చేసిన మనిషి నా ఇంజన్‌ను ఒక్కసారి గట్టిగా అరిపించి, చెవులు మూసుకుని నవ్వాడు. ఆ నవ్వును నేను ఆశీర్వాదం అనుకున్నాను. లోకంలో రోడ్లన్నీ నా కోసమే వేసి ఉంచారనుకునే వయసు నాది.

నా మొదటి యజమాని నిఖిలేశ్ హైదరాబాదులో ఉద్యోగి. నా మీటరు మీద రెండు వందల దాకా అంకెలున్నాయి. అతని చేతిలో ముల్లు అరవై దాటలేదు. ఆదివారం నన్ను కడిగేవాడు, తుడిచేవాడు, నాకు ఆనుకుని ఫోటోలు దిగేవాడు. స్నేహితులతో మాత్రం "మొన్న నూట డెబ్బై పట్టించా" అనేవాడు. నాకున్న నోరల్లా హారనే కదా, ఊరుకునేదాన్ని. పెళ్లి కుదిరాక అతనికి కాబోయే భార్య ఒకసారి నా వెనక ఎక్కి, ట్రాఫిక్‌లో రెండు కిలోమీటర్లు వచ్చి, నడుము పట్టుకుని దిగింది. "ఇకనుంచి నేను ఆటోలో వస్తాను" అంది. ఆ నెలలోనే నేను వరంగల్‌లో పాత బళ్లు అమ్మే దుకాణం ముందు తేలాను.

"డాక్టర్ సాబ్ బండి అక్కా. ఆదివారం ఆదివారం గుడికి పోయొచ్చేటోడు, గంతే" అన్నాడు దుకాణదారు. నా గతం గురించి నాకే తెలియని విషయాలు అతనికి చాలా తెలుసు.

అతను అక్కా అని పిలిచిన మనిషి స్వరూప. జనగామలో కరెంటు శాఖలో లైన్‌ఉమన్. ముప్పై ఏళ్లు కూడా లేవు, చేతులు మాత్రం స్తంభాలెక్కి ఎక్కి గట్టిపడ్డాయి. ఐదేళ్లుగా ఒక నల్లటి చిన్న బండి నడుపుతోంది. నడపడం నేర్చుకున్నదీ దాని మీదే. క్లచ్చి టక్కున వదిలినా అది ఒకసారి దగ్గి ఊరుకునేది. పడేస్తే లేచేది. ఒకరోజు హైవే మీద నాలాంటి బళ్లు నాలుగు వరసగా ఆమెను దాటిపోయాయట. అప్పటినుంచి ఆమె కళ్లు చిన్న బండి మీద నిలవలేదు.

ఆమె వెంట భర్త మల్లేశం వచ్చాడు. లేడీస్ టైలర్. బండి నడపడం రాదు, నేర్చుకుంటానని ఏనాడూ అనలేదు. అతని చోటు ఎప్పుడూ వెనక సీటే. నా వెనక సీటును అతను కొలతలు తీసుకునేవాడిలా చూశాడు.

"ఇది సీటా, పీటా? గీడ కూసుంటె నీకంటె పైన ఉంట గదనే."

"ఎప్పుడన్న ఒక్కసారి నువ్వు గూడ పైన ఉండు తియ్" అంది స్వరూప.

చిన్న బండిని అక్కడే వదిలేసి నన్ను తీసుకుపోయారు. పాపం, ఈ పిల్లకు ఇన్నాళ్లకు అసలు బండి దొరికింది అనుకున్నాను నేను. అహంకారంలో నా ఇంజన్‌కు తీసిపోయే భాగం నాలో ఏదీ లేదు.

సబ్‌స్టేషన్‌లో అందరూ నా చుట్టూ మూగారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ లైన్ ఇన్‌స్పెక్టర్ ఐలయ్య చేతులు వెనక్కి కట్టుకుని ఒక ప్రదక్షిణ చేశాడు. "స్వరూపా, దీని మీద పోతె కరెంటు కన్న ముందుగాల్నే నువ్వు చేరుతవ్ బిడ్డా" అన్నాడు. ఆమె వారం రోజులు ఆ మాట తలుచుకుని నవ్వుకుంది.

మూడో వారంలో పడ్డాం.

మల్లేశం లైనింగు గుడ్డలు కొనడానికి ఇద్దరూ వెళ్లి, ఊళ్ల మీదుగా తిరిగి వస్తున్నారు. ఒక మలుపు తిరగగానే రోడ్డు మీద సగం దాకా మొక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి. పాత బండి బ్రేకును నాలుగు వేళ్లతో, ఉన్న బలమంతా పెట్టి గుంజితే, అది కాస్త ఆలోచించి ఆగేది. స్వరూప నన్నూ అలాగే గుంజింది. నాకు ఆలోచించే అలవాటు లేదు. ముందు చక్రం అక్కడికక్కడే బిగుసుకుంది. గింజల మీద ముగ్గురం జారాం.

"అయ్యో మక్కలు!" అంటూ పరుగెత్తుకొచ్చింది ఒక ముసలమ్మ. దగ్గరికొచ్చి చూశాక, "అయ్యో బిడ్డా!" అంది.

స్వరూప మోచేయి గీసుకుపోయింది. మల్లేశం మాత్రం అంత ఎత్తు నుంచి కుడి చేతి మీద పడ్డాడు. కత్తెర పట్టే చేయి. మణికట్టు విరిగింది.

ఆరు వారాలు కట్టు ఉండాలన్నారు. బతుకమ్మకు ఇరవై రోజులుంది. దుకాణంలో సగం కత్తిరించిన జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. స్వరూప నా మీద పట్టా కప్పి దుకాణం ముందు నిలబెట్టింది. నన్ను కొనేవాళ్లెవరైనా ఉంటే చూడమని మెకానిక్ మొయిజ్‌కు ఫోన్ చేసింది. డ్యూటీకి బస్సులో పోయింది. నా వైపు చూడటమే మానేసింది.

సాయంత్రం డ్యూటీ దిగగానే ఆమె కుట్టు మిషను ముందు కూర్చునేది. మల్లేశం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పేవాడు. స్తంభం ఎక్కి ఇనుప తీగను వంచే చేతులు రవికె చేతిని తిప్పలేక చెమటలు కక్కేవి.

"గుంజకు. బట్టను గుంజితె సూది ఇరుగుతది. ముందుగాల మెల్లగ పట్టు, అటెంక బలం పెట్టు."

నాలుగో సూది విరిగిన రోజున స్వరూప చెయ్యి గాలిలోనే ఆగింది. గుమ్మంలోంచి నా వైపు చూసింది.

"ఏమయ్యా, ఆ దినం నేను బ్రేకును గుంజిన."

"ఏంది?"

"పాత బండిని పట్టినట్టు ఒక్కసారే గుంజిన. దీన్ని గట్ల పట్టొద్దు. మెల్లగ అందుకోని, అటెంక ఒత్తాలె."

"తెలిసింది గదా, నేర్సుకో మరి. అమ్ముడెందుకు?"

స్వరూప విరిగిన సూది ముక్కను పక్కన పెట్టింది. "నీ చెయ్యి ఇరగ్గొట్టిన బండిని ఇంట్ల ఎట్ల పెట్టుకోను?"

"బండి ఇరగ్గొట్టలె, నువ్వు ఇరగ్గొట్టినవ్" అన్నాడు మల్లేశం. ఎడమ చేత్తో కొత్త సూది తీసి ఆమెకిచ్చాడు. తర్వాత అతనే అన్నాడు: "మరి నిన్ను గూడ అమ్ముదామా?"

ఆమె ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు పొద్దున్నే నా మీద పట్టా తీశారు. పశువుల అంగడి జరిగే మైదానానికి ఆమె నన్ను నడిపించుకుంటూ తీసుకెళ్లింది, ఎక్కలేదు. మల్లేశం ఎడమ చేత్తో ముగ్గుపిండి పోసి నేల మీద వంకర గీత గీశాడు. "గీడ ఆగాలె." మొదటి రోజు ఆమె గీతను దాటి అతని దాకా వచ్చింది, అతను మర్యాదగా రెండడుగులు వెనక్కి జరిగాడు. రోజూ పొద్దున అదే పని. వాన పడిన రోజు ఇంటికి పోదామంటే, తడిలోనే నేర్చుకోమన్నాడు. ఒకరోజు ఆమె తానే డబ్బాలో మొక్కజొన్న గింజలు తెచ్చి నేలంతా చల్లింది. పళ్లు బిగించి వాటి ముందే వేగం తగ్గించింది, వాటి మీద బ్రేకు ముట్టకుండా దాటింది. పదిసార్లు. ఇరవైసార్లు.

ముప్పై మించని ఆ వేగంలో నాకు వింతగా అనిపించింది. నిఖిలేశ్ నన్ను తుడిచాడు కానీ ఒక వేలు నొక్కితే నేనేం చేస్తానో, రెండు నొక్కితే ఏం చేస్తానో ఎన్నడూ అడగలేదు. ఈమె అడుగుతోంది. ఆ చిన్న బండి ఐదేళ్లు ఎంత ఓర్చుకుని ఉంటుందో కూడా నాకు అక్కడే తెలిసింది.

జాకెట్లు వేళకే అందాయి. ఆ ఏడు మా వీధి బతుకమ్మలో కొందరి జాకెట్ల చేతులు కాస్త పొడుగ్గా వేలాడాయి. కొత్త ఫ్యాషన్ అన్నాడు మల్లేశం. నమ్మారు.

కట్టు విప్పే రోజు వచ్చింది. వరంగల్ ఆసుపత్రికి పోవడానికి స్వరూప బస్సుకు బయలుదేరింది. మల్లేశం వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"బస్సుల పోదాం. నేనేమనుకోను" అంది ఆమె మెల్లగా.

"తాళంచెవి తియ్."

అతను వెనక ఎక్కాడు. ఎడమ చేత్తో ఆమె నడుము పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నలభైలో వెళ్లాం. గొర్రెలతో కిక్కిరిసిన ఒక ట్రాలీ ఆటో నన్ను దాటిపోతూ హారన్ కూడా కొట్టింది. ఇంకొకప్పుడైతే నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

వరంగల్ పొలిమేరలో ముందు పోతున్న బస్సు ఉన్నట్టుండి ఆగింది. స్వరూప రెండు వేళ్లు బ్రేకు మీదికి వచ్చాయి; ముందు మెల్లగా అందుకున్నాయి, తర్వాత ఒత్తాయి. బస్సుకు బారెడు దూరంలో, కుదుపు లేకుండా నిలబడ్డాం. ఆమె గుండె కొట్టుకోవడం నా ట్యాంకుకు తెలుస్తోంది.

మల్లేశం కళ్లు తెరిచాడు. "ఎందుకు ఆపినవ్? దవఖాన వచ్చిందా?"

"రాలె. బస్సు ఆగింది."

"ఓ" అన్నాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు. ఆమె నడుము పట్టుకున్న చెయ్యి వదిలేసి, ఆ బస్సులోంచి దిగుతున్న ఒకామె వైపు చూపించాడు.

"ఆ జాకెట్టు జూడు స్వరూపా. భుజం కాడ ఎట్ల ముడత పెట్టిండో! ఎవడే కుట్టింది?"