ఆరు అమాసలు

రేవణసిద్ధప్ప అని నోరునిండ పేరు వెట్టిన్రు తల్లిదండ్రులు. జహీరాబాద్‌ల అంత పేరు పిలిచేటంత ఓపిక ఎవలికున్నది? సిద్ధప్ప అంటరు. ఆ సగం పేరన్న మనిషికి నిలిచింది గానీ, పని మటుకు ఒక్కటి నిలిచి చావలేదు.

మొదలు మొగుడంపల్లిల ఒక పటేలు దగ్గర జీతమున్నడు. జీతమంటే ఉగాది సంది ఉగాది దాక. పండుగ దగ్గరికొస్తుందంటే ఊరంత పచ్చడికి మామిడికాయ ఎతుకుతుండె, సిద్ధప్ప పటేలు మొఖం ఎతుకుతుండె, ఈ ఏడు ఉంచుకుంటడా తీసేస్తడా అని. ఏడేండ్లు ఉంచుకున్నడు. ఎనిమిదో ఉగాదికి, "నీకంటె పడుసోడు దొరికిండు పోరా" అన్నడు. ఆడికెల్లి జహీరాబాద్‌కు వచ్చి పత్తి మిల్లుల పడ్డడు. పత్తి అయిపోంగనే మిల్లు తలుపులు మూసిన్రు. చెరుకు గానుగ కాడ బెల్లం పొయ్యికి మంట వెట్టిండు. చెరుకు అయిపోంగనే పొయ్యి సల్లారింది. స్టేషన్ల మూటలు మోద్దామంటే ఆడ మూటలకంటె మోసెటోళ్లే ఎక్కువున్నరు. బీదర్ జిల్లల ఉన్న తాలూకాను మెదక్ జిల్లల కలిపి ఐదేండ్లాయె. జిల్లా మారింది, కచేరిల కాయితాల భాష మారింది. సిద్ధప్ప నసీబు మటుకు ఉన్నకాడనే ఉన్నది.

పని మారినప్పుడల్ల ఇల్లు మారుడు, ఇల్లు మారినప్పుడల్ల రోలు మోసుడు. ఆ రోలు ఆయన పెండ్లాం మహాదేవమ్మ తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నది. రోలంటే నేలల పాతాలె, అప్పుడే కదలకుంట దంచనిస్తది. పదకొండేండ్ల కాపురంల మహాదేవమ్మ దాన్ని ఏ ఇంట్ల పాతలేదు. "పాతుడెందుకు, మళ్ల తవ్వుడెందుకు?" అని వట్టి నేల మీదనే వెట్టి, ఒక కాలు అడ్డం వెట్టి కారం దంచేది. దెబ్బదెబ్బకు అది ఊగేది. ఆ ఊగుడు చప్పుడు ఇంటుంటే సిద్ధప్పకు తననే తిట్టినట్టు ఉండేది. పాపం, ఆమె ఒక్క మాట అన్నది లేదు.

అసొంటోనికి దీపావళి అమాస తెల్లారి సడక్ పని దొరికింది. చిరాగ్‌పల్లి దిక్కు బొంబాయి సడకును వెడల్పు చేస్తున్నరు. హాజరీ తీసే మేస్త్రీ సర్వర్. బక్కపలుచటి మనిషి, చంకల రిజిస్టరు, చెవి మీద పెన్సిలు, నోట్లె పాను. కొత్తగ వచ్చిన పదిమందిని లైన్ల నిలవెట్టి ఒక్కటే మాట చెప్పిండు.

"జర చెవులు పెద్దగ జేసి ఇనున్రి! మీరంత కచ్చా మనుషులు. వానలు వడంగనే కచ్చా మనుషులను తీసేస్తరు. గానీ ఎవడైతే ఆరు నెలలు ఒక్క నాగా లేకుంట వస్తడో, వాని పేరు పక్కా గ్యాంగుల రాస్త. పక్కా అంటే ముసలోడయ్యేదాక పని. ఒక్క దినం నాగా అయిందా, లెక్క మళ్ల ఒకటి నుంచి. సెలవు దినం నాగా కిందికి రాదు. సమజైందా?"

సమజు కాకపోవుడేంది! 'ముసలోడయ్యేదాక' అన్న మాట సిద్ధప్ప చెవులవడి ఆడనే కూసున్నది. పొద్దుగూకి ఇంటికొచ్చి పెండ్లానికి ఆ మాటనే నాలుగుసార్లు చెప్పిండు. మహాదేవమ్మ ఇన్నది ఇన్నట్టే లేచి ఝరాసంగం దిక్కు మొఖం వెట్టి దండం వెట్టింది. "సంగమేశ్వరా, ఆరు నెలలు నిండిన తెల్లారే నా మొగన్ని నీ కాడికి పంపిస్త, టెంకాయ కొట్టిస్త. ఒక్క పొద్దు గూడ ఆగ" అని మొక్కింది. తెల్లారే అని మొక్కుడేంది, పదిరోజుల గడువు వెట్టుకోరాదా అంటరు మీరు. కడుపుల భయమున్నోళ్లు అట్లనే మొక్కుతరు. తాము జల్ది చేస్తమంటే దేవుడు గూడ జల్ది చేస్తడని ఆశ.

ఇగ లెక్క. ఇద్దరికీ చదువు రాదు. చదువు రాకుంటే లెక్క రాదా? పుట్టినకాడికెల్లి వాళ్ల నెల అమాస నుంచి అమాస దాకనే. అమాసనాడు ఎడ్ల మెడ మీద కాడి వెట్టరు, తెల్లారి నుంచి కొత్త నెల. మొగుడంపల్లిల జీతగాండ్ల నెల అదే, గానుగ కాడ అదే. అందుకని అమాస పోయినప్పుడల్ల మహాదేవమ్మ సున్నంల వేలు ముంచి తలుపు పక్క గోడకు ఒక బొట్టు వెట్టేది. ఆరు బొట్లు కావాలె, అంతే.

అంతే అంటే అంత అలకనా? మొదటి బొట్టు వడేటాళ్లకే సిద్ధప్పకు నిద్ర వట్టుడు బంద్ అయింది. కోడి కూయకముందే లేచి సడక్ దిక్కు ఉరికేది. ఎవ్వరూ రాకముందే కంకర కుప్ప మీద కూసోని, మేస్త్రీ వచ్చే దిక్కే చూసేది. మేస్త్రీ జర ఆలస్యం చేస్తే, ఇయ్యాల హాజరీ ఉండదేమోనని లేచి ఎదురువోయేది. రోలర్ బండి చెడిపోతే దాని డ్రైవర్‌కంటె ముందుగాల ఈయనకే చెమటలు. హాజరీ అయినంక గూడ ఊకుంటడా? మేస్త్రీ ఎనుక ఎనుక తిరిగి, "నా పేరు రాసిన్రా సాబ్?" అని అడిగేది.

"రాసిన రా నాయనా! నీ పేరు రాసీ రాసీ నా పెన్సిలు అరిగిపాయె" అని సర్వర్ నవ్వేది.

మూడో బొట్టు నాటికి చలిజ్వరం వచ్చింది. పండ్లు టకటక కొట్టుకుంటుంటే గొంగడి కప్పుకోని పోయి కంకర గంపలెత్తిండు. నాలుగో నెలల చెల్లె సంగమ్మ బిడ్డ పెండ్లి, హుమ్నాబాద్‌ల. మేనమామ లేకుంట పెండ్లెట్లయితది? అయినా పోలేదు. చీర పంపిండు. సంగమ్మ ఆ చీరను తిప్పి పంపింది. "అన్నకు మేము వద్దు, సడక్ కావాలె" అని కబురు గూడ పంపింది. ఆ పొద్దు సిద్ధప్ప అన్నం ముంగట కూసోని ఏడ్చిండు. తెల్లారి మళ్ల అందరికంటె ముందు కంకర కుప్ప మీదనే ఉన్నడు. ఐదో నెల ఎండలకు డాంబర్ పని మొదలైంది. కాళ్లకు గోనె సంచులు చుట్టుకోని ఉడుకుతున్న డాంబర్ మోసిండు. ఎడమ పాదం కాలి పొక్కులొస్తే ఆకుపసరు రాసుకోని కుంటుకుంట పోయిండు. దవాఖానకు పొమ్మంటే, "దవాఖానకు పోతే నాగా కాదా?" అన్నడు.

చైత్రం అమాస వచ్చింది. ఆరో బొట్టు. ఆ దినం సర్వర్ మేస్త్రీ ఏదో పని మీద సంగారెడ్డికి పోయిండు. పొద్దుగూకంగ సిద్ధప్ప పార కిందవెట్టి, పక్కపొంటి పనిచేసే మల్లప్ప భుజం మీద చెయ్యేసిండు. మల్లప్ప ఈ నడుమనే చేరినోడు, వానికి లెక్క ఇంక చానా దూరం.

"మల్లప్పా, ఆరు నెలలు నిండినయి. రేపు ఝరాసంగం పోతున్న, మొక్కున్నది. మేస్త్రీ సాబ్‌కు చెప్పు."

"పోయి రా అన్నా, నసీబున్నోనివి. నా పేరు మీద గూడ ఒక దండం వెట్టు" అన్నడు మల్లప్ప.

ఇంటికొచ్చేవరకు మహాదేవమ్మ గడ్డపార వట్టుకోని ఇంటి మూలకు తవ్వుతున్నది. చెమట కారుతున్నది, ముక్కు మీద మన్ను అంటింది, నవ్వు ఆగుతలేదు. "ఏమయ్యా, చూస్తవేంది? రోలుకు జాగ చేస్తున్న. రేపు నువ్వు మొక్కు తీర్చి వచ్చేవరకు పాతి, అలికి పెడ్త" అన్నది. పెండ్లి నాడు గూడ ఆమె అంత నవ్వంగ సిద్ధప్ప చూడలేదు.

తెల్లారగట్ల బయలెల్లిండు. కుంటుకాలైనా అలకగ నడిచింది. గుడి గుండంల తానం చేసి, టెంకాయ కొట్టి, సాగిలవడ్డడు. లేచి కూసున్నంక ఏం చెయ్యాలెనో తోచలేదు. ఆరు నెలల సంది ఉరుకుడే అలవాటైన పానం, కూసుంటే నిలుస్తదా? హాజరీ అయిపోయి ఉంటది గద అని ఒకసారి లేచిండు. అరే, నాకేం ఫికరు, నేను పక్కా మనిషిని అని మళ్ల కూసున్నడు. అయినా నిమ్మలం కాలేదు. దొరికిన బండెక్కి, ఇంటికి గూడ పోకుంట, ప్రసాదం మూటతోని సీదా సడక్ మీదికే వచ్చిండు.

పని ఇంక నడుస్తున్నది. సిద్ధప్ప అందరికీ టెంకాయ ముక్కలు పంచుకుంట వచ్చిండు. "తీసుకోన్రి, తీసుకోన్రి, పక్కా అయిన!" తీసుకున్నోళ్లు తీసుకున్నరు గానీ ఎవ్వరూ మొఖమెత్తలేదు. మల్లప్ప అయితే తట్ట ఎత్తుకోని ఇంకో దిక్కు పోయిండు. సర్వర్ ముక్క తీసుకోని చేతులనే వట్టుకున్నడు, నోట్లె వెట్టుకోలేదు.

"సిద్ధప్పా, ఇయ్యాల ఎందుకు రాలేదు?"

"మల్లప్ప చెప్పలేదా సాబ్? ఆరు నెలలు నిండె. నిన్నటితోని ఆరు అమాసలు."

సర్వర్ పాను ఉమ్మేసి, రిజిస్టరు తెరిచిండు. తర్వాత నెమ్మదిగ అన్నడు. "మొక్కని హాజరీ అయినంక చెప్పిండు. అమాసలా? అరే సిద్ధప్పా... నువ్వు చేరింది నవంబర్ తొమ్మిదో తారీకు. ఆరు నెలలంటే మే ఎనిమిది దాక. ఇయ్యాల ఐదు. ఇంక నాలుగు దినాలే ఉండె. నాలుగే దినాలు!"

సిద్ధప్పకు తలకెక్కలేదు. "ఎట్ల సాబ్? నడుమల ఏదన్న అమాస తప్పినమా?"

"ఒక్కటి తప్పలేదు. అమాస నెల చిన్నది, తారీకు నెల పెద్దది. నెలకు అర్ధదినమో ఒకదినమో మిగిలి మిగిలి నాలుగు దినాలైనయి. నేను గూడ ఇంట్ల చంద్రున్ని చూసే రోజా వడ్త, ఈద్ చేస్త. నాకన్న తోచాలె నీకు చెప్పాలెనని. తోచలేదు. రిజిస్టరు చంద్రున్ని చూడదు భాయ్."

"ఒక్క దినమే గద సాబ్. హాజరని రాయరాదా? మీ కాల్మొక్త."

"నేను తీసి ఉంటే రాస్తుంటి. పొద్దుగాల ఓవర్సీర్ సాబ్ జీపుల వచ్చి తనే హాజరీ తీసిండు. నీ పేరు మూడుసార్లు పిలిచిండు. రెండోసారికి 'వస్తుండు సాబ్' అన్న. మూడోసారికి ఏమనాలె చెప్పు?"

సిద్ధప్ప కంకర కుప్ప మీద కూలవడ్డడు. దొంగతనం చేసిండా? తాగి పండిండా? జ్వరంల వచ్చిండు, కాలిన కాలుతోని వచ్చిండు, సొంత మేనకోడలి పెండ్లికి పోలేదు. పోయి పోయి దేవుని కాడికి పోతే నాగా వడ్డది. కోపం ఎవరి మీద చూపాలెనో తెలియక, చేతుల మిగిలిన టెంకాయ చిప్పను డాంబర్ డ్రమ్ము దిక్కు ఇసిరేసిండు. మళ్ల తనే పోయి ఏరుకోని, తుడిచి, కండ్లకద్దుకున్నడు.

ఇంటికొచ్చేవరకు రోలు పాతి ఉన్నది. చుట్టూ పేడతోని అలికి, ముగ్గేసి పెట్టింది. మహాదేవమ్మ రోకలి వట్టుకోని, "చూడు, ఒక్క పిసరు కదుల్తలేదు" అని కొట్టి చూపిచ్చింది. సిద్ధప్ప నిలవడే అంత చెప్పిండు. చెప్పి, మూలకున్న గడ్డపార తీసిండు.

"ఏం చేస్తున్నవ్?"

"తవ్వుత. నెల దినాలల్ల వానలు వడ్తయి, కచ్చోళ్లను తీసేస్తరు. మళ్ల ఎటన్న పోవుడే. అప్పుడు తవ్వేది ఇప్పుడే తవ్వుత."

రోలు మీద కూసోవద్దంటరు. ఇంటికి అరిష్టమని ఆడోళ్లు తోవల అడ్డమున్నా సుట్టు తిరిగి పోతరు. మహాదేవమ్మ పోయి దాని మీదనే కూసున్నది. కాళ్లు బార్లసాపి, రెండు చేతులు నేలకు ఆనించి కూసున్నది.

"తవ్వు. ముందు నన్ను తవ్వు" అన్నది. కండ్లల్ల నీళ్లు కారుతున్నయి గానీ లేవలేదు. "తెల్లారే అని మొక్కింది నేను. బొట్లు వెట్టింది నేను. తప్పు జేస్తే మనం చేసినం. దీన్ని మటుకు నేను మళ్ల మొయ్య. నువ్వు పో, మళ్ల ఒకటి నుంచి మొదలువెట్టు."

సిద్ధప్ప గడ్డపారను గోడకు ఆనిచ్చి, సున్నం బొట్లను తడి గుడ్డతోని తుడిచిండు.

మర్నాటి నుంచి హాజరీ కాంగనే సిద్ధప్ప అడిగేది ఒక్కటే. "ఇయ్యాల తారీకెంత సాబ్?" సర్వర్ చెప్పేది. అది ఇంటికి పోయేదాక నోట్లె నానవెట్టుకోని పెండ్లానికి చెప్పేది. పనోళ్లు 'తారీకు సిద్ధప్ప' అని పేరు వెట్టిన్రు. వెట్టనీ.

నెల నిండి రెండు దినాలు దాటినయో లేదో, మిరుగం కార్తె వచ్చింది. మిరుగం నాలుగోనాడు వాన దంచికొట్టింది. సడక్ పొంటి నీళ్లు పారినయి. పొద్దుగూకంగ సర్వర్ రిజిస్టరు తెరిచి, తీసేసినోళ్ల పేర్లు చదివిండు. మల్లప్ప పేరున్నది. సిద్ధప్ప పేరున్నది. చదివేటప్పుడు సర్వర్ ఎవ్వరి దిక్కు చూడలేదు.

తెల్లారి ముసురు. పక్కా గ్యాంగోళ్లు పద్నాలుగు మంది నెత్తికి గోనెలు కప్పుకోని లైన్ల నిలవడ్డరు. సర్వర్ ఒక్కొక్క పేరు పిలుస్తుండె, ఒక్కొక్కడు "హాజర్" అంటుండె. పద్నాలుగు పేర్లయినయి. సర్వర్ రిజిస్టరు మూసిండు.

"హాజర్" అని లైను చివర నుంచి ఇంకొక గొంతు వచ్చింది.

అందరు తిరిగి చూసిన్రు. సిద్ధప్ప. నెత్తి మీద గోనె గూడ లేదు, నీళ్లు కారుకుంట నిలవడ్డడు.

"సిద్ధప్పా, నీ పేరు పిలవలేదు" అన్నడు సర్వర్.

"నాకు ఎరుకే సాబ్. నాగా కావొద్దని వచ్చిన."

ఎవ్వరూ నవ్వలేదు. సర్వర్ చెవి మీది పెన్సిలు తీసిండు, చూసిండు, మళ్ల చెవి మీదనే వెట్టుకున్నడు. సిద్ధప్ప ఇంక అడగనే లేదు, సర్వరే చెప్పిండు.

"ఇయ్యాల తారీకు పన్నెండు, సిద్ధప్పా."