పచ్చమన్ను పూత

ఇటలీలోని సియెనా పట్టణంలో ఆ ఏడాది కొత్త సరదా ఒకటి బయల్దేరింది. పాత మేరీమాత పటాల్లో బంగారాన్నీ నీలి వస్త్రాన్నీ అలాగే ఉంచి, ముఖం మాత్రం ఫ్రాన్సు తీరులో నవ్వేలా మార్పించడం. అది తాను వేసిన పటం దాకా వచ్చిందని తెలియగానే చిత్రకారుడు వెంతూరా తింటున్న రొట్టె వదిలేసి గుడికి బయల్దేరాడు.

దారంతా దవడలు బిగుసుకునే ఉన్నాయి. ఆ ముఖాన్ని అతను గ్రీకుల పద్ధతిలో వేశాడు. పొడుగు ముక్కు, ఎవరినీ బతిమాలని చూపు. ఆమె నవ్వదు. కొడుక్కి జరగబోయేది తెలిసిన తల్లి ఎలా నవ్వుతుంది?

పటం ముందు చెక్కమంచె మీద మేమ్మో ఉన్నాడు. వెంతూరా దగ్గరే పని నేర్చి, ఫ్రాన్సు వెళ్లి అక్కడి రాతిబొమ్మలు చూసొచ్చినవాడు.

"ఏరా, నవ్వులు అతికించడానికి నా పటమే దొరికిందా?"

"నేను కాదంటే ఇంకొకడు చేస్తాడు గురువుగారూ. ఈమెను చూసి ఆడవాళ్లు జంకుతున్నారని ఈ గుడి భక్తసంఘంవాళ్ల గోల."

"జంకాలి! నీ మేనత్తనుకున్నావా, బుగ్గ గిల్లడానికి? సరే, గీకెయ్. కత్తేది?"

మేమ్మో తల దించుకున్నాడు. "గీకను. పైన వేస్తాను. మా అమ్మ పోయినప్పుడు ఈమె ముందే ఏడ్చాను. కత్తి పెట్టలేను."

వెంతూరాకి ఒళ్లు మండిపోయింది. గీకేస్తే చావు, అంతే. ఇది బతికుండగా పాతిపెట్టడం. కింద ఆమె కళ్లు తెరుచుకునే ఉంటుంది, పైన ఇంకెవరి నవ్వో మోస్తూ. వీడు పగవాడైనా బాగుండేది, కొట్టడానికి చెయ్యి వచ్చేది.

అప్పుడు మేమ్మో రంగుగిన్నెలు కంటబడ్డాయి. తెలుపూ ఎరుపూ తప్ప ఏమీ లేవు.

"పచ్చమన్నేదిరా?"

"కింద పాత ముఖం ఉందిగా. అదే సరిపోతుందని..."

"సరిపోతుందా! కింద ఆకుపచ్చ మన్ను పూత లేకుండా చర్మం రంగు వేస్తే ఉడికిన పంది తొడలా ఉంటుంది. నవ్వే తొడ! దిగు!"

"నేనే పూస్తాను గురువుగారూ, మీరెందుకు..."

"నోర్ముయ్. నీ చేతికి ఎప్పుడైనా పల్చగా వచ్చిందా?"

వెంతూరా మంచె ఎక్కాడు. పచ్చమన్ను తెప్పించి గుడ్డుసొనలో నూరాడు. నూరుతున్నంతసేపూ సంఘాన్నీ ఫ్రాన్సునూ మేమ్మోనూ తిడుతూనే ఉన్నాడు. తర్వాత కుంచె ముంచాడు. ముందు గడ్డం, తర్వాత బుగ్గలు, పెదవులు. పచ్చ కింద ఒక్కొక్కటే మాయమయ్యాయి. కళ్లు మిగిలాయి. కుంచె ఆగింది.

"ఇటు చూడకు," అని అరిచాడు. మేమ్మో గోడవైపు తిరిగాడు.

ఆ కళ్ల మీద కూడా పచ్చ పూసి, మంచె దిగి కుంచెను నేలకేసి కొట్టాడు వెంతూరా. "పో, ఇక నవ్వించుకో."