జీతం లేని దుబాసీ

శుక్రవారం పొద్దున మూడు రోజులకి సరిపడా కూర వండుతున్నాను. పప్పు అయిపోయింది, చేపల పులుసు చల్లారుతోంది, గొడ్డు మాంసంలో సాత్‌కోరా నిమ్మ ముక్కలు వేస్తుంటే అత్తమ్మ తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

"విన్నావా లుత్ఫా? ఆ కోడికూర షాపు పైనుండే చిట్టగాంగ్ పిల్ల, షాహినూర్. మామని మంటల్లో వదిలేసి కూతుర్ని చంకనేసుకుని దిగొచ్చేసిందంట. పైగా ఇంట్లో ఎవరూ లేరని మీ ఫైరింజన్ వాళ్ళకి చెప్పిందంట. ముసలాయన ఇప్పటికీ ఆసుపత్రిలో గొట్టాలతోనే ఉన్నాడు. మొగుడు మొహం చూడ్డం లేదంట. చూడకూడదు కూడా. ఏం ఆడదో ఏమో."

గరిటె నా చేతిలోనే ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?" అన్నాను. "ఊరంతా చెప్పుకుంటోంది," అని అత్తమ్మ మూత తీసి ఉప్పు చూసింది. "కొంచెం తక్కువైంది. మూడు రోజులు మగాడితో ఇల్లు నడవాలంటే ఉప్పైనా సరిగ్గా ఉండాలి."

ఆ మంట దగ్గర నేనున్నానని అత్తమ్మకి తెలుసు. షాహినూర్ మాట్లాడింది నాతోనని తెలియదు. మా ఆయన జుబేర్‌కి కూడా చెప్పలేదు. మంగళవారం ఆ మంట గురించిన రిపోర్టు కాగితం మీద సంతకం పెట్టాలని మాత్రం చెప్పాను. "పెట్టేసెయ్. మనకెందుకు గొడవ," అన్నాడు బూట్లు తొడుక్కుంటూ. అతను టాక్సీ నడుపుతాడు. ఎక్కినవాళ్ళు ఏమన్నా అద్దంలోకి నవ్వి ఊరుకోవడం అతనికి అలవాటు. నాకూ అదే నేర్పాలని చూస్తాడు.

రైల్లో కూర్చున్నాక కూడా చేతులు ఉల్లిపాయ వాసనే. యూనియన్ వాళ్ళు నల్లజాతి, మైనారిటీ సభ్యుల కోసం ఏటా మూడు రోజుల పాఠశాల పెడతారు. ఈసారి యార్క్‌షైర్‌లో. తొమ్మిదేళ్ళుగా ఫైర్‌స్టేషన్‌లో పనిచేస్తున్నా ఒక్కసారీ వెళ్ళలేదు. ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఈసారి మా బ్రిగేడ్ యూనియన్ ప్రతినిధి డెబ్ నన్ను అడక్కుండానే నా పేరు రాసేసింది. వాచ్‌లో, అంటే మా షిఫ్టు జట్టులో, తెలియగానే క్రెయిగ్, మా వాచ్ కమాండర్, టీ కలుపుకుంటూ అన్నాడు: "ఏం లుత్, మా మీద ఎలా ఫిర్యాదు చెయ్యాలో అక్కడ నేర్పుతారంటగా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తొమ్మిదేళ్ళలో నేను బాగా నేర్చుకున్న విద్య అదే.

రైలు కదులుతున్నంతసేపూ కళ్ళముందు ఆ మంట రేగిన గురువారం మధ్యాహ్నమే. నేనూ స్టీవ్ సిలిండర్లు వీపున కట్టుకుని, మాస్కులు పెట్టుకుని లోపలికి వెళ్ళబోతున్నాం. క్రెయిగ్ నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. "మాస్కు తీసెయ్. నీ బదులు డారెన్ వెళ్తాడు. ఆ ఇంటావిడతో నువ్వు మాట్లాడు, మీ భాషే." మా భాష కాదు. ఇద్దరిదీ బంగ్లాదేశే అయినా ఆమెది చిట్టగాంగ్ మాట, మాది సిల్హెట్. పక్క జిల్లావాళ్ళం కూడా కాదు. ఆ సంగతి ఎవరికి చెప్పను? ఆమె పిల్లని గుండెకి అదుముకుని ఏడుస్తూ మాటల్ని వరదలా పోస్తోంది. అందులో "మామ రాలేదు" అన్నది ఒక్కటే నాకు తెలిసింది. మామ ఇంటికి రాలేదనుకున్నాను. మిగతాది మళ్ళీ చెప్పమని అడగబోతుంటే క్రెయిగ్ అరిచాడు. "ఉన్నారా, లేరా? ఒక్క ముక్కలో చెప్పు!"

"లేరు," అన్నాను.

మనుషులున్నారంటే ముందు పైకి వెళ్తాం. లేరంటే ముందు కింద మంట సంగతి చూస్తాం. తొమ్మిది నిమిషాల తర్వాత వెనక గదిలో, మంచానికీ గోడకీ మధ్య, ముసలాయన దొరికాడు. ఆమె చెప్పింది మామ ఇంట్లోంచి బయటికి రాలేదని.

పాఠశాలలో మొదటి క్లాసు శనివారం. పాఠం చెప్పేది మావిస్, బ్రిస్టల్ మనిషి, ముప్ఫై ఏళ్ళు మంటలార్పి రిటైరైంది. ఆవిడ తలా ఒక కాగితం ఇచ్చింది. "పోయిన నెల మీ చేత చేయించుకుని, మీ ఉద్యోగ పత్రంలో మాత్రం లేని పనులన్నీ రాయండి. సిగ్గుపడకండి." నా పక్కన కూర్చున్న గుర్బాజ్, కొవెంట్రీ నుంచి వచ్చిన సర్దార్జీ, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అక్కా, రెండోవైపు కూడా రాయొచ్చా?" గది మొత్తం నవ్వింది. నేను నవ్వడం మర్చిపోయి రాస్తున్నాను. సెలవు రోజున మసీదుకి వెళ్ళి పొగ అలారాల గురించి చెప్పడం. కొత్తవాళ్ళని చేర్చుకునే పోస్టరు కోసం హెల్మెట్ పట్టుకుని నవ్వడం. ఏ ఇంటి తలుపు తట్టినా లోపలున్నది చీరో సల్వారో అయితే నన్నే ముందుకి తొయ్యడం. ఉర్దూ అయినా నేనే, తమిళమైనా నేనే. ఎవరైనా జోకు వేసి నా మొహం వైపు చూస్తే, పర్వాలేదని వాళ్ళకి ధైర్యం చెప్పడం. అది కూడా పనే అని ఆ కాగితం మీద చూసుకునేదాకా నాకు తెలియదు. రాస్తూ రాస్తూ ఎప్పుడు ఇంట్లోకి వెళ్ళిపోయానో చూసుకోలేదు. అత్తమ్మ మందుల డబ్బా, మామగారి ఆసుపత్రి ఉత్తరాలు చదివి చెప్పడం, జుబేర్ తమ్ముడి వీసా ఫారాలు. అక్కడా నేను దుబాసీనే.

అప్పుడే ఫోను మోగింది, మా అమ్మాయిని ఈతకి తీసుకెళ్ళే వేళ. జుబేర్. "మైషా ఈత బట్టలెక్కడ?" "మెట్లకింద నీలం సంచిలో." "నీలం సంచా? ఏ నీలం?" అతను వెతుకుతున్న చప్పుళ్ళు వింటూ నేను కారిడార్లో నిలబడ్డాను. "నువ్వుంటే ఈ గొడవ ఉండేది కాదు," అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే.

మధ్యాహ్నం నాటకంలా ఒక అభ్యాసం చేయించారు, మావిస్ అధికారిగా కూర్చుంది. ఎదుట ఒక్కొక్కరం సభ్యులుగా కూర్చోవాలి. నా వంతు వచ్చింది. ఆవిడ ఒక తెల్లకాగితం జరిపి, "మామూలు కాగితమే, లుత్ఫా. కింద సంతకం పెట్టెయ్," అంది, అచ్చం మా స్టేషన్ మేనేజర్ హాలోవే గొంతులా. ఉత్త తెల్లకాగితం అది. అయినా నా చెయ్యి కలం వైపు వెళ్ళింది. అది చూసి నాకే భయమేసింది. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ గురువారం సంగతి, మంగళవారం రాబోయే కాగితం సంగతి, అంతా అక్కడే చెప్పేశాను.

గుర్బాజ్‌కి ముందు కోపం వచ్చింది. "తప్పు నీది కాదక్కా! నిన్ను పనిలోంచి లాగిందెవరు? దుబాసీని పిలిపించనిదెవరు? అదే చెప్పు, గట్టిగా చెప్పు!"

"అవన్నీ చెప్తుంది," అంది మావిస్. "పక్కన డెబ్ కూర్చుంటుంది, ఆ హక్కు నీకుంది. కాగితం పూర్తిగా చదవందే కలం పట్టుకోకు. చదవడానికి గంట పడితే గంట కూర్చోనీ వాళ్ళని." తర్వాత కుర్చీ దగ్గరకి లాక్కుంది. "కానీ పిల్లా, ఒకటి అడుగుతాను. అర్థం కానప్పుడు అర్థం కాలేదని ఎందుకు అనలేదు?"

అర్థం కాలేదంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఇలాంటివాళ్ళని తెచ్చిపెట్టుకుంటే ఇంతే, వాళ్ళ భాష వాళ్ళకే రాదు, అంటారు. పైపు మొయ్యలేదేమోనని ఒక కన్ను, నిచ్చెనెక్కలేదేమోనని ఒక కన్ను, తొమ్మిదేళ్ళు. ఆ స్టేషన్లో నేను ఒక్కసారి కూడా నాకు తెలియదు అనలేదు. ఇంట్లో కూడా అనలేదు. ఉప్పు ఎంతో, సంచి ఎక్కడో, ఉత్తరంలో ఏముందో, అన్నీ తెలిసి ఉండటమే నా చోటు. తెలియదంటే ఆ చోటు పోతుంది.

"పోతుందని భయం," అన్నాను. మావిస్ తల ఊపింది. పోదని మాత్రం అనలేదు.

ఆదివారం ఇంటికొచ్చాను. సోమవారం డ్యూటీ. ఆ సాయంత్రం అత్తమ్మే మళ్ళీ ఎత్తింది: "ఆ పిల్లని మొగుడు తన అక్క ఇంట్లో పడేశాడంట. కూతుర్ని మాత్రం ఇవ్వలేదంట." నేను అన్నం ముందు కూర్చున్నాను. ప్లేటు అలాగే తీసుకెళ్ళి సింకులో పెట్టేశాను. హాలోవే ముందే ఫోన్లో చూచాయగా చెప్పాడు, కాగితంలో ఎవరినీ తప్పు పట్టడం లేదని. నిజమే, మాలో ఎవరినీ పట్టడం లేదు.

మంగళవారం రెండు గంటలకి హాలోవే గదిలో కూర్చున్నాం. అతని పక్కన క్రెయిగ్, నా పక్కన డెబ్. హాలోవే కాగితం జరిపాడు. "నీకు తెలిసిందే కదా. కింద ఒక సంతకం పెడితే అయిపోతుంది."

చదవడం మొదలుపెట్టాను. అక్షరాలు కదులుతున్నాయి. మళ్ళీ మొదటినుంచి చదివాను. క్రెయిగ్ ఫోను చూసుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. నాలుగో వాక్యం: ఇంట్లో ఎవరూ లేరని నివాసి తెలిపినది.

"ఇది తప్పు బాస్," అన్నాను.

"ఏది తప్పు?"

"నాలుగోది."

క్రెయిగ్ ముందుకి వంగాడు. "లుత్, ఆలోచించి మాట్లాడు. నీ మేలుకోరే చెప్తున్నా. క్రూ కమాండర్ ప్రమోషన్ జాబితాలో నీ పేరుంది. ఇప్పుడు నోరు జారితే అది నీ ఫైల్లోనే ఉండిపోతుంది."

బల్ల కింద డెబ్ చెయ్యి ఒకసారి నా మోచేతిని తాకి వెళ్ళిపోయింది. నాకు ముసలాయన గుర్తుకు రాలేదు, జాబితా గుర్తుకు రాలేదు. ఎవరి ఇంట్లోనో, కూతురు పక్కన లేకుండా కూర్చుని, తను చెప్పిన మాట తనే చెప్పలేదేమోనని అనుమానపడుతున్న ఒక ఆడమనిషి గుర్తుకొచ్చింది.

"మాస్కు తీయించి నన్ను పనిలోంచి లాగారని రాయండి," అన్నాను. "దుబాసీ పని నా ఉద్యోగం కాదని రాయండి. ఒక్క ముక్కలో చెప్పమన్నారని కూడా రాయండి. కానీ వాటన్నిటికంటే ముందు ఇది రాయండి. మామ లోపలే ఉన్నాడని షాహినూర్ చెప్పింది. అర్థం కానిది నాకు."