మనిషికి గ్యారెంటీ

అనీష్ సూట్‌కేసును రామమోహన్ బయటి మెట్ల మీదికి నెట్టేసినప్పుడు నేను పప్పులో తాలింపు వేస్తున్నాను. మన దేశం నుంచి వచ్చిన పిల్లల్ని, ఉద్యోగం కుదిరేదాకా, అమెరికాలో ఈ ఇర్వింగ్ గెస్ట్‌హౌస్‌లో ఉంచుతాడు కంపెనీలకి మనుషుల్ని కుదిర్చే రామమోహన్. వాళ్లకి వండిపెట్టడం నా పని.

"చేసిన పనికే కదన్నా జీతం అడుగుతున్నా," అన్నాడు అనీష్. జ్వరంతో నిలబడలేకపోతున్నాడు.

"నువ్వు జ్వరమని మధ్యలో మానేశావ్, కంపెనీ నా ఫీజు వాపసు లాక్కుంది. అదెవడిస్తాడు, మీ నాన్నా?"

సంగతేమిటంటే, ఇదివరకు పిల్లలు చేసిన గంటగంటకీ కంపెనీ డబ్బిచ్చేది. రామమోహన్ తన వాటా కోసుకుని మిగతాది వీళ్లకిచ్చేవాడు. ఇప్పుడు మనిషిని కుదిర్చినందుకు ఒకేసారి ఫీజంట. మొదటి నెలల్లోనే మానేస్తే ఆ ఫీజు వాపసంట, మనిషికి గ్యారెంటీ ఇచ్చినట్టు. ఆ నెలల జీతం మాత్రం రామమోహన్ చేతిమీదుగానే. కంపెనీ తన నష్టాన్ని ఆయన మీదికి దొర్లించింది, ఆయన పిల్లల మీదికి దొర్లించాడు. వాళ్ల కింద ఇంకెవరున్నారు?

రాత్రి మిగిలిన ముగ్గురు పిల్లలూ అన్నాలకి కూర్చున్నారు.

"రేపు అదే కంపెనీలో నా ఇంటర్వ్యూ," అన్నాడు దేవ్. "ఇది పోతే నా వీసా గడువైపోతుంది. అనీష్ గొడవలోకి నన్ను లాగకండ్రా."

"రేపు నీకు జ్వరమొస్తే?" అంది అంకిత.

నేనే అందుకున్నాను. "మా ఒంగోలు పొగాకు గ్రేడింగులో కూడా ఇంతే నాయనా. మేస్త్రి కంపెనీ దగ్గరా తినేవాడు, మా దగ్గరా తినేవాడు. ఘాటుకి మాతో చేసే సుబ్బులు పడిపోతే కూలి ఎగ్గొట్టాడు. అదిచ్చేదాకా మేమెవరం ఆకు ముట్టలేదు."

"గెలిచారా అమ్మమ్మా?" అంది మేధ.

"ఎక్కడమ్మా, నలుగుర్ని తీసేశారు. అందులో నేనొకదాన్ని. కానీ సుబ్బులు కూలి సుబ్బులుకొచ్చింది."

పొద్దున్నే హాల్లో లాప్‌టాప్ పెట్టారు. ఈ ఇంట్లో ఒక ఆచారముంది. ఒకరు కెమెరా ముందు కూర్చుంటే, మిగతావాళ్లు దాని వెనక దాక్కుని పలక మీద జవాబులు రాసి చూపిస్తారు. రామమోహన్ నేర్పిన విద్యే.

దేవ్ కూర్చున్నాడు. ఎప్పుడు చేరగలవని అడిగింది తెరలోని మేనేజరమ్మ. అంకిత పలక ఎత్తలేదు. "మీ దగ్గర చేసిన అనీష్‌కి జీతం ఆపేశారు మేడమ్. అది ఇచ్చాక చేరతాను," అన్నాడు దేవ్ ఇంగ్లీషులో. వెనకున్న అంకితా, మేధా వచ్చి అతని భుజాల పక్కన నిలబడ్డారు. పలకతో సహా, కెమెరాకి కనపడేలా.

రామమోహన్ చటుక్కున వచ్చి మైకు ఆపేశాడు. "ఒరేయ్, అందరి వీసాలూ పోతాయ్! నా కంపెనీ కూడా పోతుంది! పెద్దమ్మా, నువ్వైనా చెప్పవే!"

"చెప్పాను బాబూ, రాత్రే," అన్నాను. కాళ్లు లాగుతుంటే గోడకి జారగిలబడ్డాను.

దేవ్‌ని చెయ్యిపట్టి లేపేసి మేధని కూర్చోబెట్టాడు. మేధ నెమ్మదస్తురాలు, ఎవరికీ ఎదురు చెప్పదు. ఆయన చెమట తుడుచుకుని, నవ్వు పులుముకుని, మైకు మళ్లీ తెరిచాడు. "సారీ మేడమ్, నెక్స్ట్ క్యాండిడేట్."

మేధ అలిసిన కళ్లతో తెరకేసి చూసింది.

"గుడ్ మార్నింగ్ మేడమ్. ముందు అనీష్ జీతం."