కళ్ళజోడు తీస్తే చప్పట్లు

ఆ ఊరి పురపాలక సంఘం వారు ఏటా ఒకసారి బడ్జెట్టు మీద ప్రజల అభిప్రాయం వింటారు. వినడమంటే మీరూ నేనూ వినే వినడం కాదు. హాలులో ఫ్యాన్లు తుడిపిస్తారు, మైకు పెడతారు, పద్దులు ఒక్కొక్కటే చదువుతారు. చదివిన ప్రతిదానికీ జనం చప్పట్లు కొడతారు, చైర్మన్ గారు బల్ల మీద చరిచి "ఆమోదించడమైనది" అంటారు. చేతులెత్తించి లెక్కపెట్టే శ్రమ ఎవరూ పడరు. చప్పట్లే ఓటు. మరి చప్పట్లు కొట్టే జనం పనులు మానుకుని రారు గనక, సంఘం సిబ్బందినే ముందు వరసల్లో కూర్చోబెడతారు. సెక్రటరీ గారు కళ్ళజోడు తీస్తే కొట్టాలి, పెట్టుకుంటే ఆపాలి. ఇంత క్రమశిక్షణ గల ప్రజాభిప్రాయం ఇంకెక్కడ దొరుకుతుంది!

ఈ గుట్టు టైలరమ్మకు విప్పింది ఆమె మరిదే. అతను నీళ్ళ సెక్షన్‌లో ఫిట్టరు, చప్పట్ల డ్యూటీ అతనికీ పడింది. అలాంటి సభకు పోయి మాట్లాడటమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని, హాయిగా మిషన్ ముందు కూచుని నాలుగు జాకెట్లు కుట్టుకోమని వదినకు చెప్పి చూశాడు. అడగనిదే అమ్మైనా పెట్టదు, సంఘం పెడుతుందా అని ఆమె కొట్టిపారేసింది.

ఆమె అడగబోయేది ఒక్కటే. కూతురు ఐదో తరగతి, చక్రాల కుర్చీ లేనిదే కదల్లేదు. బడిలో ఆయమ్మ ఉంది గనక ఇన్నాళ్ళూ చదువు సాగింది. ఈసారి పొదుపు పేరు చెప్పి ఆయమ్మ ఉద్యోగం ఎత్తేస్తున్నారు. అదే బడ్జెట్టులో ఆఫీసు గేటు ముందు రంగుల ఫౌంటెన్ మాత్రం ఉంది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ పని చైర్మన్ గారి బావమరిది చేతిలో పెట్టారు. ఆయమ్మ పోతే పిల్ల బడి మానాల్సిందే. అందులో రెండో మాట లేదు.

బయల్దేరుతుంటే పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

"బాత్రూమ్ సంగతి మాత్రం అక్కడ చెప్పకమ్మా. మా క్లాసు వాళ్ళ నాన్నలు వస్తారు. బాబాయి కూడా ఉంటాడు."

చెప్పనంటే చెప్పనని టైలరమ్మ మాట ఇచ్చింది.

సభ బ్రహ్మాండంగా నడిచింది. వీధిదీపాల పద్దు చదివారు, కళ్ళజోడు దిగింది, చప్పట్లు మోగాయి. ఫౌంటెన్ పద్దుకు మరీ జోరుగా మోగాయి. బావమరిది అయితే లేచి నిలబడి కొట్టాడు, తన ఫౌంటెన్‌కు తనే మురిసిపోతూ. చైర్మన్ గారు ఒళ్ళో ఫోను పెట్టుకుని ఎవరివో పెళ్ళి ఫొటోలు చూసుకుంటున్నారు. చప్పుడైనప్పుడల్లా తల ఎత్తకుండానే బల్ల చరిచి ఆమోదించేస్తున్నారు. వెనక వరసలో పిల్ల క్లాసు వాళ్ళ తండ్రులు నలుగురైదుగురు ఆవలించి ఆవలించి కునుకు తీస్తున్నారు.

టైలరమ్మ వంతు వచ్చింది. ఆయమ్మను తీసేయొద్దని, కదల్లేని పిల్లలకు ఆమే దిక్కని మర్యాదగా చెప్పుకుంది. సెక్రటరీ గారు నవ్వారు. పోయినేడు బడికి ర్యాంపు కట్టించామని, కుర్చీ తోయడానికి తోటి పిల్లలు చాలని, ఇంకా ఆయా చేసే ప్రత్యేకమైన పనేమిటో సభకు తెలియాలని మైకులో అడిగారు. ఆమె చుట్టూ తిప్పి చెప్పింది. ఆయన వదల్లేదు. స్పష్టంగా చెప్పకపోతే తదుపరి పద్దుకు పోతామన్నారు.

టైలరమ్మకు ఒళ్ళు మండింది. ఈ పెద్దమనిషి ఇంట్లో పిల్లలు లేరా అనిపించింది. కూతురికిచ్చిన మాట గుర్తుండీ చెప్పేసింది.

"ఆయమ్మ సెలవు పెట్టిన రోజున మా పిల్ల పొద్దున్నించీ చుక్క నీళ్ళు తాగదండీ. బాత్రూమ్‌కి ఎత్తుకెళ్ళే మనిషి ఉండదని. ఒకసారి ఎండకి ఆగలేక తాగింది. ఆ రోజంతా తడిసిన బట్టల్తోనే క్లాసులో కూచుంది."

సెక్రటరీ గారికి ఎటు చూడాలో తోచలేదు. మొహమంతా చెమట పట్టింది. అద్దాలు మసకబారాయో, ఆవిడ మొహం చూడటం ఇష్టంలేకపోయిందో, కళ్ళజోడు తీశారు.

హాలు దద్దరిల్లింది. ముందు వరసలన్నీ ఒక్క చెయ్యిగా చప్పట్లు కొట్టాయి. తన బిడ్డ తడిసిన బట్టలకు చప్పట్లు! టైలరమ్మకు చెంప మీద కొట్టినట్టయింది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. చైర్మన్ గారు ఫోనులోంచి తల ఎత్తకుండానే బల్ల చరిచారు.

"ఆమోదించడమైనది."

సెక్రటరీ గారి నోట్లో వెలక్కాయ పడింది. వంగి చైర్మన్ గారి చెవిలో చాలాసేపు గొణిగారు. ఆయన ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశారు, ముందు వరసల వైపు చూశారు, చివరికి బావమరిది వైపు చూశారు. ఈ చప్పట్లు చెల్లవంటే ఇందాకటివి ఎలా చెల్లుతాయి? ఆయమ్మను తీసేస్తే ఫౌంటెనూ పోతుంది. చైర్మన్ గారు కక్కలేక మింగలేక అవస్థపడి, పిల్లల సంక్షేమమే తమ ఊపిరి అని మైకులో ప్రకటించారు. దానికీ చప్పట్లు పడ్డాయి, ఈసారి కళ్ళజోడు సరిగ్గానే దిగింది.

సభ అయ్యాక ఆవిడతో ఫొటో దిగుదామని చైర్మన్ గారు పిలిపించారు. పక్కన నిలబెట్టుకుని, ఇంతకీ మీ అమ్మాయికి ఏమిటమ్మా ఇబ్బంది అని ఎంతో ఆప్యాయంగా అడిగారు. టైలరమ్మ మెట్లు దిగి వచ్చేసింది. ఫొటోకు తల్లి కావాలి కదా, ముందు వరసలోంచి ఒకావిడను లాగి నిలబెట్టారు.

గేటు దగ్గర మరిది ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. వదిన ఒక్కటే అడిగింది, తను చెప్పింది విన్నావా అని.

అతను తల గోక్కున్నాడు. "చూపంతా కళ్ళజోడు మీదే ఉంది వదినా. తియ్యగానే కొట్టకపోతే మెమో ఇస్తారు. ఏం చెప్పావేంటి?"

ఏమీ లేదులే అంది. అతని మీద కోపం వచ్చింది, కానీ తిట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి పిల్ల గుమ్మంలోనే తన చక్రాల కుర్చీలో కూచుని ఉంది. ఆయమ్మ ఉంటుందని తల్లి చెప్పింది. పిల్ల సంతోషపడలేదు. తల్లి ఏడ్చిన కళ్ళనే చూస్తూ కూచుంది.

"చెప్పేశావు కదూ?"

టైలరమ్మ కూతురి ముందు నేల మీద కూలబడింది. అబద్ధం ఆడాలనిపించలేదు.

"చెప్పానమ్మా. అందరి ముందూ చెప్పాను."

పిల్ల మొహం పాలిపోయింది. "బాబాయి విన్నాడా?"

"లేదే తల్లీ. బాబాయి వినలేదు, చైర్మన్ వినలేదు. అక్కడ ఎవరూ, ఒక్కరంటే ఒక్కరు వినలేదు."

"ఒట్టు?"

"ఒట్టు" అంది తల్లి. అప్పుడు పిల్ల నవ్వింది.