డూనా గట్టు

సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలితే నిడమనూరు దగ్గరి తండాలో పనులన్నీ ఒక్కసారే మొదలవుతాయి. మగవాళ్లు నారుమళ్లకు పోతారు, ఆడవాళ్లు బట్టల మూటలతో కాలువకు దిగుతారు. కాలువ నిండుగా పారినన్నాళ్లు అవతలి ఒడ్డున తుమ్మచెట్లు ఉండవు. వాటి చోట బుడాపెస్ట్ పట్నపు పాత నది గట్టు ఉంటుంది. రాతి పలకల బాట, ఇనుప కటాంజనం, పక్కనే పసుపుపచ్చ ట్రాము, కుర్చీల్లో ఎండ కాచుకుంటూ టోపీల ముసలివాళ్లు. ఆ నదిని అక్కడివాళ్లు డూనా అంటారు కాబట్టి తండావాళ్లకు అది డూనా గట్టు. తీరిక దొరికితే వంతెన దాటి పోయి, కాసేపు తిరిగి, పొద్దు గూకకముందే వచ్చేస్తారు.

చూసుకోవాల్సిందల్లా నీళ్లే. కాలువ కట్టేస్తే ఆ గట్టు ఉండదు. అవతల ఉండిపోయినవాళ్లు మళ్లీ నీళ్లొచ్చేదాకా అవతలే.

గౌరీబాయి అట్లాగే ఉండిపోయింది. మొగుడు జ్వరంతో పోయిన ఏడాది, పాలు తాగే బిడ్డను అక్క పుష్పాబాయి ఒళ్లో పెట్టి, "జర తిరిగొస్త అక్కా, పానానికి ఊపిరాడ్తలేదు" అని పోయింది. ఆ మధ్యాహ్నమే పైన కాలువ కట్టేశారు. ఆ తర్వాత కరువు. ఏళ్లకేళ్లు సాగర్‌లో నీళ్లు లేక కాలువలో మేకలు మేశాయి.

పిల్లలు లేని పుష్పాబాయి ఆ బిడ్డకు చాందీ అని పేరు పెట్టుకుంది. మేకపాలు పట్టి పెంచింది. చాందీ నడిచింది, మాటలు నేర్చింది, తండా పిల్లలంతా తమ తల్లుల్ని పిలిచినట్టే పుష్పాబాయిని "యాడీ" అని పిలిచింది. మొదట్లో చెల్లెలు రాదేమోనని భయపడ్డ పుష్పాబాయికి, ఎప్పుడు మొదలైందో తెలియకుండానే, వస్తుందేమోనన్న భయం పట్టుకుంది.

ఈసారి వానలు పడ్డాయి. కాలువకు నీళ్లొస్తున్నాయని తండా అంతా పండగ చేసుకుంటుంటే పుష్పాబాయి చాందీని వాకిలి దాటనివ్వలేదు.

"పోయి మీ చెల్లెను తోల్కరా," అన్నాడు మొగుడు హర్యా. "పిల్లను గూడ తీస్కపో. తల్లిని సూడొద్దా అది?"

పుష్పాబాయి పిల్ల తల దువ్వి, వేలందించి బయలుదేరింది.

వంతెన దగ్గర కాలువ కాపలా చూసే మైసయ్య కూర్చొని ఉన్నాడు. "నీళ్లు నిండుగున్నయ్, పో బిడ్డా. ఏమన్న అయితే ఈల కొడత," అన్నాడు.

పోయేటప్పుడు ఆ వంతెన చిన్నదే. చాందీ పట్టిన వేలు విడవకుండా నడిచింది. అవతలి కొసన ఉన్న రాతి సింహాల్ని చూసి, "యాడీ, కరుస్తయా?" అంది.

"కరవయ్," అంది పుష్పాబాయి. 

గౌరీబాయి కటాంజనం పక్కన ఉడకబెట్టిన మక్కకంకులు అమ్ముతోంది. ఒంటి మీద ఎవరిదో పొడుగు కోటు, దాని కింద తన అద్దాల లంగా. అక్కను చూసి కంకులు వదిలేసి వచ్చి మెడ పట్టుకొని ఏడ్చింది.

"నా బిడ్డ బతికే ఉన్నదా అక్కా?"

"ఉన్నది."

"ఏదీ మరి?"

పుష్పాబాయి పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంటికాడ."

"ఈ పిల్లెవరు?"

"మన తండ పిల్లే. నా ఎంటవడి వచ్చింది."

గౌరీబాయి తల నిమరబోతే చాందీ పుష్పాబాయి వెనక దాక్కుంది.

"ఉండక్కా, బిడ్డకు గౌను కొనిపెట్టిన. అర్రల ఉన్నది. తెచ్చుకుంట, ఇగ పోదాం," అంటూ గౌరీబాయి సందులోకి పరుగెత్తింది.

అప్పుడే ఈల వినిపించింది.

"ఎగువ గండి వడ్డదంట! నీళ్లు దిగుతున్నయ్, ఉరుకుండ్రి!" మైసయ్య అటునుంచి అరుస్తున్నాడు.

గట్టు కింద నది మెట్టు మెట్టుగా దిగిపోతోంది. నీళ్లలోంచి తెల్లటి పొగమంచు లేచి ట్రామును, కుర్చీలను కప్పేస్తోంది. పుష్పాబాయి సందు వైపు ఒకసారి చూసింది. పిల్లను ఎత్తుకొని వంతెన మీద పడింది. వచ్చేటప్పుడు ఆ వంతెన ఎప్పుడూ పొడుగే. ఆ రోజు ఎంత ఉరికినా కొస రాలేదు. కాళ్ల కింద రాయి మెత్తబడుతోంది. ఎట్లాగో కొసకు చేరి, పిల్లను మైసయ్య చేతుల్లో పెట్టి, వంతెన కొసనే నిలబడి వెనక్కి చూసింది.

దూరంగా మంచులో గౌరీబాయి. చేతిలో చిన్న మూట. వంతెన ఎటుందో తెలియక ఉన్నచోటే తిరుగుతోంది. "అక్కా! ఏడున్నవే?"

ఒక్క కేక వేస్తే చాలు. పుష్పాబాయి నోరు తెరిచింది. గొంతు రాలేదు. రాలేదో, తానే రానియ్యలేదో ఆమెకే తెలియలేదు. మంచు ఆమె మోకాళ్ల దాకా వచ్చింది, నడుం దాకా వచ్చింది.

పుష్పాబాయి కనిపించకుండా పోతుంటే చాందీ హడలిపోయి ఇవతలి గట్టు మీంచి అరిచింది. "యాడీ! యాడీ! రా!"

గౌరీబాయి ఆగింది. ఆ గొంతు వచ్చిన దిక్కుకు తిరిగి ఉరికింది.

పుష్పాబాయి చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. చెల్లెలి మణికట్టు దొరకగానే లాగింది. ఇద్దరూ ఇవతలి గట్టు మీద పడ్డారు. లేచి చూస్తే బురద కాలువ, చిన్న వంతెన, అవతల తుమ్మచెట్లు.

గౌరీబాయి రొప్పుతూనే చాందీని గుండెకు హత్తుకుంది. "ఎందుకక్కా అబద్ధమాడినవ్? ఇది నా బిడ్డే! యాడీ అని పిలిసింది. నన్ను గుర్తువట్టింది, సూసినవా?"

చాందీ బిత్తరపోయి, ఆమె భుజం మీదుగా పుష్పాబాయి వైపు రెండు చేతులూ చాచింది. 

"ఆఁ," అంది పుష్పాబాయి. "గుర్తువట్టింది."

తండా బాటలో గౌరీబాయి ముందు నడిచింది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన చాందీ ఆమె భుజం మీదే నిద్రపోయింది. పుష్పాబాయి వెనక నడిచింది. ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కొంగు చివర ముడి వేస్తూ, విప్పుతూ నడిచింది.