ఐదో స్థానంలో పెట్టిన మూడో భాగం

నేను ఒక డీవీడీని. నాకు పగ ఉంది. ప్లాస్టిక్ బిళ్ళకు పగేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి. నా వీపు మీద గీతలు మీ వీపు మీద పడి ఉంటే తెలిసేది.

హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ 'రెక్కల దున్న' అని ఐదు భాగాల బొమ్మల సినిమా తీసింది. ఎగిరే దున్నపోతు, దాని మీదెక్కి కొండలు దాటే బంతి అనే పిల్ల కథ. ఐదు భాగాలనూ డీవీడీలుగా అమ్మాక కంపెనీ మూతపడింది. వేడి అచ్చులో నొక్కి నన్ను తయారుచేసి, మిగతా నలుగురితో కలిపి ఒకే పెట్టెలో సర్దారు. నేను మూడో భాగాన్ని. మంచిర్యాలలో బొగ్గుగని క్వార్టర్లలో ఉండే భూలక్ష్మి మమ్మల్ని తన పిల్లల కోసం కొన్నది. కొడుకు తిరుమలేశ్‌కి పన్నెండేళ్ళు, కూతురు అఖిలకి తొమ్మిది.

భాగాలన్నీ చూసి వాటికి ర్యాంకులివ్వడం ఆ అన్నాచెల్లెళ్ళ ఆట. తలుపు వెనక సుద్దముక్కతో రాసుకునేవారు. రెండు భాగాలయ్యాక, అన్న ట్యూషన్‌కి వెళ్ళిన సాయంత్రం, అఖిల ఆగలేక నన్ను ఒక్కతే మొత్తం చూసేసింది. చివర్లో ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. లేచి వెళ్ళి తలుపు మీద నన్ను మొదటి స్థానంలో రాసింది. నా జీవితంలో అంతకన్నా మంచి రోజు లేదు.

తిరుమలేశ్ వచ్చి అది చూశాడు. తాను చూడకముందే చెల్లెలు తీర్పు చెప్పేసిందని వాడికి ఉక్రోషం. జామెట్రీ బాక్సులోంచి డివైడర్ తీసి నా వీపు మీద పళ్ళు బిగించి ఒక్క గీటు గీశాడు. దానికి ముళ్ళు రెండు కాబట్టి గీతలూ రెండు పడ్డాయి. అప్పటి నుంచి నేను యాభై రెండో నిమిషంలో ఆగిపోతాను. రెక్కలు పోగొట్టుకున్న దున్నను బంతి గుహ ముందు నిలబడి పిలుస్తుంది. అంతే, బొమ్మ కదలదు.

"అమ్మా, అఖిల సీడీ కింద పడేసింది. మొత్తం గీతలు పడ్డయ్."

"నేను పడెయ్యలే అమ్మా! నేను పడెయ్యలే!"

భూలక్ష్మి వినలేదు. కూతురి చెంప చెళ్ళుమనిపించి, పెట్టెను బీరువా మీదికెక్కించింది. "ఇంకోపారి వీటిని ముట్టుకుంటే చూడు" అంది. అఖిల మళ్ళీ మమ్మల్ని ముట్టుకోలేదు.

పదిహేడేళ్ళు గడిచాయి. చిన్నప్పటి సినిమాలను మళ్ళీ చూసి ర్యాంకులిచ్చే యూట్యూబ్ చానల్ పెట్టాడు తిరుమలేశ్. ఐదు భాగాలూ తన దగ్గరే ఉన్నాయి కనుక వాడి మాటే వేదమైంది. నాకిచ్చింది ఐదో స్థానం. "మూడో భాగంల క్లైమాక్సే లేదు, యాభై రెండో నిమిషంల వదిలేసిన్రు" అని నొక్కి చెప్పాడు. ఎవరో ఒకాయన 'క్లైమాక్స్ ఏదో ఉండాలి కదా బ్రదర్' అని రాస్తే, మీకు గుర్తులేదు బ్రదర్ అని జవాబిచ్చాడు. నా నోరు వాడే కుట్టేసి, ఇది మూగదని ఊరంతా చాటాడు.

చానల్‌కి లక్షమంది చేరిన సందర్భంగా ఇంట్లోంచే లైవ్ పెట్టాడు. పక్కన తల్లినీ, ఇప్పుడు హైస్కూల్లో లెక్కల టీచరైన అఖిలనూ కూర్చోబెట్టాడు. నన్ను తీసి కెమెరా ముందు ఆడించాడు.

"ఇదే ఫ్రెండ్స్, మా చెల్లె పడేసి ఖరాబు చేసిన డిస్కు!"

అఖిల చెయ్యి చాచి నన్ను అందుకుంది. పైన లైటు వెలుగుతోంది. ఇన్నేళ్ళుగా మోసిన రెండు గీతలనూ ఆ వెలుగుకి మొత్తంగా అప్పగించాను. చూడమ్మా, నువ్వు లెక్కల టీచరువి, బాగా చూడు.

ఆమె చూసింది.

"అన్నా, కింద పడితే అడ్డదిడ్డం గీతలు పడ్తయ్. ఇవి రెండు పక్కపక్కన సమానంగ ఎట్ల వచ్చినయ్?"

"ఏమో, నాకేం ఎరుక?"

"డివైడర్ తోని గీకినవ్ గదా?"

తిరుమలేశ్ చెవులు ఎర్రబడ్డాయి. లైవ్ ఆగలేదు. ఇంతకీ మూడో భాగం మొత్తం చూశావా అని చూసేవాళ్ళలో ఒకరు కామెంట్లో అడిగారు, వెంటనే వందమంది అదే అడిగారు. అఖిల కెమెరా వైపు తిరిగింది. "అన్న చూడలే. యాభై రెండు నిమిషాలే చూసిండు." వాడు ఫోన్ బోర్లించాడు. నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోను.

భూలక్ష్మి కూతురి చెంప వైపే చూస్తోంది. "నేను నిన్ను కొడితి గదనే..." అంది. ఆమెను చూసి నాకు జాలి కలగాలి. కలగలేదు. ఆ చెంపదెబ్బ చప్పుడు నేను విన్నాను.

వారం తిరక్కుండా వాడు కొత్త వీడియో పెట్టి నన్ను మొదటి స్థానంలో కూర్చోబెట్టాడు. ఇప్పుడూ చూడలేదు, అప్పుడూ చూడలేదు. పరువు పోతే మనుషుల అభిరుచి ఎంత త్వరగా బాగుపడుతుందో! ఆ పీట నాకు అక్కర్లేదు.

ఇప్పుడు నేను అఖిల ఇంట్లో ఉన్నాను. నిన్న తిరుమలేశ్ వచ్చి, పేపర్లు దిద్దుకుంటున్న చెల్లెలి ఎదురుగా చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. కంపెనీ లేదు, ఇంకో ప్రతి దొరకలేదట, అప్పట్లో చూసినవాళ్ళెవరికీ ఆఖరు సరిగ్గా గుర్తులేదట.

"చెల్లే, ఆఖరికి ఏమైతది? దున్నకు రెక్కలొస్తయా?"

"ఆ రోజు నేను పడెయ్యలే, పడెయ్యలే అని మొత్తుకున్న. ఎవ్వలన్నా విన్నరా?"

"సారీ చెప్పిన గదా."

"చెప్పినవ్. చాయ్ తాగు."

వాడు చాయ్ తాగి, ఇంకాసేపు కూర్చుని, వెళ్ళిపోయాడు. దున్నకు ఏమైందో లోకంలో ఇద్దరికి కచ్చితంగా తెలుసు. ఒకరు చెప్పలేరు. ఇంకొకరు చెప్పరు.